పదును కోసం కాచుకున్న బీజం: బాసిల్లస్ సబ్‌టిలిస్ మీద మీ ప్రశ్నలు, మా జవాబులు

మట్టి సూక్ష్మజీవుల మీద ప్రశ్నలు పంపమని కిందటి సంచికలో అడిగాం. వచ్చిన ఉత్తరాలు తిరిగి తిరిగి ఒకే జీవి దగ్గర ఆగాయి: బాసిల్లస్ సబ్‌టిలిస్ అనే బ్యాక్టీరియా. కాలేజీ ల్యాబులో అదే, ఎరువుల అంగడిలో పొడి ప్యాకెట్‌లో అదే, ఎర్రనేలలో బుడ్డచెట్టు (వేరుశెనగ) వేరు మీదా అదే. 1835లో ఎరెన్‌బర్గ్ దీన్ని విబ్రియో సబ్‌టిలిస్ అన్నాడు. 1872లో ఫెర్డినాండ్ కోన్ ఇప్పటి పేరు పెట్టాడు. 1997లో జన్యుక్రమం మొత్తం చదివారు: 42 లక్షల బేస్ జతలు, దాదాపు 4,100 జన్యువులు. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను కలిపి జవాబిస్తున్నాం. పేర్లు వేయడం లేదు, ఊర్లు మాత్రం ఉంచాం.

ప్రశ్న: సిద్ధబీజంలో జీవక్రియలు ఉండవని పాఠంలో చదివాం. ఊపిరి కూడా లేనిదానికి బయట తిండి వచ్చిందని ఎట్లా తెలుస్తుంది? ఈమధ్య దీనిమీద కొత్తగా ఏం తేలింది? (ఎమ్మెస్సీ విద్యార్థిని, అనంతపురం)

జవాబు: పాఠంలో ఉన్నది తప్పు కాదు. సిద్ధబీజం (స్పోర్) అంటే తిండి అయిపోయినప్పుడు ఈ బ్యాక్టీరియా మారే గట్టి నిద్రరూపం. సిద్ధబీజం గర్భంలో నీళ్లు చాలా తక్కువ. ఎండు బరువులో సుమారు పదోవంతు కాల్షియంతో జతకట్టిన డైపికోలినిక్ ఆమ్లమే. డీఎన్‌ఏను చిన్న ప్రోటీన్లు దట్టంగా చుట్టి ఉంటాయి. అంత ఎండిపోయిన చోట ఎంజైమ్‌లు కదలవు, ప్రోటీన్ల తయారీ జరగదు. అయినా లోపొరలో కాపలాదారులున్నారు. గెర్‌ఏ అనే గ్రాహకం ఎల్-అలనిన్‌ను గుర్తుపడుతుంది. గెర్‌బీ, గెర్‌కే రెండూ కలిసి ఆస్పరజిన్, గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పొటాషియం నాలుగూ ఒకేచోట కనబడితే స్పందిస్తాయి. ఇదంతా దశాబ్దాలుగా తెలిసిన సంగతే. అలనిన్ వచ్చి అంటుకున్నాక ఆ కబురు లోపలికి ఎట్లా పోతుందన్నదే చిక్కుముడిగా మిగిలింది.

2023లో హార్వర్డ్ వైద్య కళాశాలలోని రడ్నర్ బృందం ‘సైన్స్’ పత్రికలో దాని ముడి విప్పింది. గెర్‌ఏ కబుర్లు మోసే గ్రాహకం మాత్రమే కాదు, తానే ఒక అయాన్ ద్వారం. ఐదు ఉపభాగాలు గుండ్రంగా కూడి మధ్యలో సన్నని దారి ఏర్పడుతుంది. అలనిన్ అంటుకోగానే ఆ దారి తెరుచుకుని అయాన్లు బయటికి పోతాయి. ఆ తర్వాత స్పో-ఫైవ్-ఏ అనే మరో ద్వారం తెరుచుకుని డైపికోలినిక్ ఆమ్లం వెళ్లిపోతుంది, ఆ ఖాళీలోకి నీళ్లు వస్తాయి. అప్పుడు సీడబ్ల్యూఎల్-జే, స్లెబీ అనే ఎంజైమ్‌లు మందపాటి కార్టెక్స్ గోడను కోసేస్తాయి. ఇదంతా నిమిషాల్లో ముగుస్తుంది. కొత్త ప్రోటీన్ ఒక్కటి కూడా తయారుచేసుకోనక్కర లేదు. కావలసినవన్నీ నిద్రకు ముందే తల్లికణం సర్దిపెట్టి పోయింది.

దానికి ఏడాది ముందు, 2022లో, శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్యూల్ బృందం చూపించింది మాకు ఇంకా ఆసక్తిగా అనిపించింది. సిద్ధబీజాలకు కొన్ని నిమిషాలపాటు మాత్రమే పోషకం చూపించి తీసేస్తే చాలావాటికి మెలకువ రాదు. అయితే ఆ కొద్దిసేపటి జాడ పోదు. లోపల దాచుకున్న పొటాషియం కొంత ఖర్చవుతుంది. బిందెలోంచి ఒక్కో చెంబు తీసినట్టు, ప్రతి చిన్న విడతకూ కొంత తగ్గుతుంది. ఒక మట్టానికి దిగాక వచ్చే విడతకు బీజం లేస్తుంది. అంటే జీవక్రియలు ఆగిపోయిన స్థితిలోనే అది లెక్క పెట్టుకుంటోంది. దాచుకున్న అయాన్లు తమంతట తాము బయటికి జారే బలంతోనే ఈ లెక్క నడుస్తుంది కాబట్టి దానికి వేరే శక్తి ఖర్చు లేదు.

మీ ల్యాబులో దీన్ని కళ్లారా చూడవచ్చు. శుభ్రంగా కడిగిన సిద్ధబీజాలను 70 డిగ్రీల నీళ్లలో 30 నిమిషాలు ఉంచి, మంచులో చల్లార్చండి. పీహెచ్ 8 దగ్గర ట్రిస్ బఫర్‌లో, 600 నానోమీటర్ల దగ్గర రీడింగ్ 1 ఉండేలా కలిపి, 10 మిల్లీమోలార్ ఎల్-అలనిన్ వేసి 37 డిగ్రీల్లో ప్రతి 5 నిమిషాలకు రీడింగ్ తీయండి. మొలకెత్తే కొద్దీ రీడింగ్ పడిపోతుంది. అన్నీ లేస్తే మొదటి విలువలో 40 శాతం దాకా దిగుతుంది. ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో మెరిసే బీజాలు నల్లబడతాయి. రీడింగ్ కదలకపోతే ముందు అలనిన్ సీసా చూడండి. డీఎల్ మిశ్రమం కొని ఉంటే అందులోని డీ-అలనిన్ మొలకను అడ్డుకుంటుంది. బీజాలను సరిగా కడగకపోయినా, చచ్చిన కణాల ముక్కలు రీడింగ్‌ను తారుమారు చేస్తాయి.

ఎంత బాగా చేసినా కొన్ని బీజాలు లేవవు. వీటిని అతినిద్ర బీజాలంటారు. వీటి లోపొరలో గ్రాహకాల సంఖ్య తక్కువ. ఇది లోపమని మేం అనుకోం. ఉన్న విత్తనమంతా తొలివానకే చల్లేయని రైతు ఎంత తెలివైనవాడో, ఈ బ్యాక్టీరియా గుంపూ అంతే.

ప్రశ్న: బుడ్డల్లో మొదలుకుళ్లుకు బాసిల్లస్ పొడి తెచ్చినాం. బెల్లం, శెనగపిండి కలిపిన నీళ్లలో రెండు దినాలు నానబెట్టి చల్లితే బలం పెరుగుతాదని చెప్తారు. నిజమేనా? మందు పట్టించిన విత్తనానికి ఇది పట్టించొచ్చునా? (రైతు, కళ్యాణదుర్గం)

జవాబు: పై జవాబు మీకూ అవసరమే అన్నా, ఒకసారి చూడండి. ప్యాకెట్‌లో ఉన్నది నిద్రలో ఉన్న బీజం. బెల్లంలో గ్లూకోజ్, ఫ్రక్టోజ్, పొటాషియం ఉన్నాయి. శెనగపిండి నానితే అమైనో ఆమ్లాలు వస్తాయి. అంటే దాన్ని నిద్రలేపే సరుకంతా మీ డ్రమ్ములోనే ఉంది. అది లేస్తుంది. లేచిన కణానికి బీజానికున్న ఓర్పు ఉండదు. ఎండకూ, ఎండిన నేలకూ అది నిలవదు. మే నెలలో మీ ఎర్రనేల పైపొర 50 డిగ్రీలు దాటుతుంది, పదును ఉండదు. అప్పుడు చల్లితే లేచినవి లేచినట్టే పోతాయి. మళ్లీ బీజంగా మారడానికి దానికి 7, 8 గంటల పని ఉంటుంది, అదీ చుట్టూ తిండి నెమ్మదిగా అయిపోతూ వస్తేనే. పైగా రెండు దినాల్లో ఆ డ్రమ్ములో నీళ్ల నుంచి వచ్చిన వేరే సూక్ష్మజీవులు వందరెట్లు పెరిగి ఉంటాయి. మీరు కొన్న సబ్‌టిలిస్ ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. జీవామృతం వేసుకోవాలంటే వేసుకోండి, ఈ పొడిని అందులో నానబెట్టొద్దు. బీజాన్ని పదునున్న నేలలో వేరు పక్కనే లేవనివ్వాలి. వేరు నుంచి ఊరే మాలిక్ ఆమ్లం లాంటివి దాన్ని దగ్గరకు పిలుస్తాయి. అక్కడ అది జిగురుపొర కట్టుకుని ఇటురిన్, ఫెంజిసిన్ అనే పదార్థాలు విడుదల చేస్తుంది. ఆస్పర్‌జిల్లస్ నైగర్ బూజు పొరలను దెబ్బతీసేవి అవే.

విత్తనానికి పట్టించే తీరు ఇదీ. లేబుల్ మీద వేరే మోతాదు లేకపోతే కిలో విత్తనానికి 10 గ్రాములు. ఎకరాకు 60 కిలోల పప్పు అయితే 600 గ్రాముల పొడి. బుడ్డపప్పు తోలు పలుచన, నీళ్లు ఎక్కువైతే ఊడిపోతుంది, తోలు ఊడిన విత్తనం నేలలో కుళ్లుతుంది. అందుకే చల్లారిన పలుచని గంజిని విత్తనం మీద చిలకరించండి. పప్పు తడిసీ తడవనట్టు ఉండాలి. గోనెపట్టా మీద పోసి, పొడి చల్లి, ఇద్దరు రెండు కొసలు పట్టుకుని దొర్లించండి. చేతులతో నలపొద్దు. నీడలో అరగంట ఆరబెట్టి అదే పూట గొర్రుకు ఎత్తండి.

మందు సంగతి: మాంకోజెబ్ లాంటి బూజుమందు పట్టించి ఉంటే అది ముందురోజే ఆరాలి, బాసిల్లస్ విత్తే రోజు పట్టించాలి. ఆ మందులు బూజును చంపేవి, సిద్ధబీజానికి పెద్దగా నష్టం చేయవు. కాపర్ ఆక్సీక్లోరైడ్‌తోనూ, స్ట్రెప్టోసైక్లిన్‌తోనూ మాత్రం కలపొద్దు. రాగి బ్యాక్టీరియాకూ విషమే, రెండోది బ్యాక్టీరియాను చంపడానికే చేసిన మందు. రైజోబియం కూడా పట్టించేట్టయితే అన్నిటికంటే చివర పట్టించండి.

ఇంకొక మాట. ఇది ముందు జాగ్రత్తకే. మొక్క మొదలు నల్లబడి వాలిపోయాక పొడి తెచ్చి పోస్తే ఆ మొక్క లేవదు. తిక్క మచ్చలకు విత్తనానికి పట్టించిన పొడి పని చేయదు.

ప్రశ్న: పొడి ప్యాకెట్ మీద గ్రాముకు 10 కోట్ల కణాలు అని వేస్తారు. నిజంగా ఉన్నాయో లేదో కాలేజీలో చూడొచ్చా? (వ్యవసాయ పరికరాల వ్యాపారి, నంద్యాల)

జవాబు: చూడొచ్చు. 1 గ్రాము పొడిని 9 మి.లీ. శుద్ధిచేసిన ఉప్పునీటిలో కలిపి 80 డిగ్రీల్లో 10 నిమిషాలు ఉంచండి. తర్వాత పదిరెట్లు చొప్పున పలుచన చేస్తూ మొత్తం లక్ష రెట్లకు దించి, 0.1 మి.లీ. న్యూట్రియెంట్ అగార్ మీద పరచండి. లేబుల్ నిజమైతే 100 దాకా కాలనీలు రావాలి. పదుల్లో కూడా రాకపోతే అనుమానించండి. పొడి మాత్రం గడ్డలు కట్టి ఉంటే బాగా కుదిపాకే పలుచన మొదలుపెట్టాలి. గడ్డల్లో ఇరుక్కున్న బీజాలన్నీ కలిసి ఒక్క కాలనీగానే కనబడతాయి.

ప్రశ్న: మా డిగ్రీ విద్యార్థులతో కర్నూలు చుట్టుపక్కల నల్లరేగడి, ఎర్రనేలల నుంచి సబ్‌టిలిస్‌ను వేరుచేయించాలి. ప్రతి ఏడూ ప్లేటంతా ఒకటే పాకుడు పొరగా వస్తోంది. క్రమం చెప్పగలరా? (సూక్ష్మజీవశాస్త్ర అధ్యాపకుడు, కర్నూలు)

జవాబు: ముందుగా మట్టి ఎక్కడ తీయాలన్నది. గొర్రెలు, పశువులు ఉన్నట్టుండి చచ్చిపోయిన చోటు నుంచి, కళేబరాలు పాతిన చోటు నుంచి మట్టి తీయనివ్వకండి. దొమ్మరోగం కలిగించే బాసిల్లస్ ఆంత్రాసిస్ బీజాలు మట్టిలో దశాబ్దాలు ఉంటాయి. మీరు చేసే వేడి పరీక్ష వాటినీ సబ్‌టిలిస్‌నూ ఒకే తీరుగా దాటనిస్తుంది. పంట వేర్ల దగ్గర 5 నుంచి 10 సెంటీమీటర్ల లోతు చాలు.

1 గ్రాము మట్టి, 9 మి.లీ. శుద్ధమైన 0.85 శాతం ఉప్పునీరు. బాగా కుదపాలి. నల్లరేగడి అయితే ఇంకాస్త ఎక్కువసేపు, బంకమన్ను బీజాలను తేలిగ్గా వదలదు. తర్వాత 80 డిగ్రీల నీటితొట్టిలో 10 నిమిషాలు. ఇక్కడ రెండు తప్పులు మామూలుగా జరుగుతాయి. తొట్టి 80 చూపిస్తున్నా గొట్టం లోపల 80 రావడానికి టైం పడుతుంది. కాబట్టి ఉత్త నీళ్లున్న ఇంకో గొట్టంలో థర్మామీటర్ పెట్టి, అది 80 చూపించినప్పటి నుంచే 10 నిమిషాలు లెక్కపెట్టండి. రెండోది, గొట్టంలో నీళ్లు తొట్టి నీళ్ల మట్టం కంటే పైన ఉంటే, పైభాగానికి అంటుకున్న మామూలు కణాలు బతికిపోతాయి. మీ ప్లేట్లలో కొంత కలుషితం దానివల్లే వస్తుంది.

చల్లార్చి, వంద నుంచి పదివేల రెట్ల దాకా పలుచన చేసి 0.1 మి.లీ. చొప్పున పరచండి. 37 డిగ్రీల్లో 24 నుంచి 48 గంటలు. పాకుడు పొరకు కారణం మీ ప్లేట్ల తడి. వాటి మీద బాసిల్లస్ కణాలు కశాభాలతో ఈదుకుంటూ పోతాయి. అగార్ 1.5 శాతం కంటే తగ్గించకండి. పోసిన ప్లేట్లను మూత కొంచెం తెరిచి 37 డిగ్రీల్లో అరగంట ఆరబెట్టండి. అప్పటికీ పాకుతుంటే పలుచన ఇంకో పది రెట్లు పెంచండి.

సబ్‌టిలిస్ కాలనీ ఎండినట్టు, మెరుపు లేకుండా, లేత మీగడ రంగులో, అంచులు సరిగా లేకుండా, కొన్నిసార్లు ముడతలు పడి ఉంటుంది. గ్రామ్ పరీక్ష 18 గంటల లోపు పెంపకం మీదే చేయించండి. పాతబడిన బాసిల్లస్ ఎరుపు రంగుకు మారి విద్యార్థులను గందరగోళంలో పడేస్తుంది. కాటలేస్, స్టార్చ్ జలవిశ్లేషణ, వోజెస్-ప్రాస్కావర్, సిట్రేట్ నాలుగూ పాజిటివ్ రావాలి. గుడ్డు పచ్చసొన కలిపిన అగార్ మీద చుట్టూ తెల్లని మబ్బు కట్టిందంటే అది బాసిల్లస్ సీరియస్ కావచ్చు, సబ్‌టిలిస్ కాదు.

సిద్ధబీజాల రంగుకు షెఫర్-ఫుల్టన్ పద్ధతి: 5 శాతం మాలకైట్ గ్రీన్ పోసి ఆవిరి మీద 5 నిమిషాలు. రంగు ఆరిపోకుండా చుక్క చుక్క పోస్తూ ఉండాలి, ఆరితే గాజు మీద పచ్చని పెచ్చు కడుతుంది. నీళ్లతో కడిగి 0.5 శాతం సాఫ్రనిన్ 30 సెకన్లు. బీజాలు పచ్చగా, కణాలు గులాబీ రంగులో కనబడతాయి. సబ్‌టిలిస్‌లో బీజం కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది, తల్లికణం ఉబ్బదు. 24 గంటల పెంపకంలో బీజాలు కనబడలేదని చాలామంది రాస్తారు, ఇంకా రాలేదంతే. 48 నుంచి 72 గంటలు ఆగండి. తొందరగా కావాలంటే సిద్ధబీజ మాధ్యమం చేసుకోండి: లీటరుకు న్యూట్రియెంట్ బ్రాత్ 8 గ్రా., పొటాషియం క్లోరైడ్ 1 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.25 గ్రా. ఆటోక్లేవ్ చేసి చల్లారాక విడిగా శుద్ధి చేసిన కాల్షియం నైట్రేట్ 1 మిల్లీమోలార్, మాంగనీస్ క్లోరైడ్ 10 మైక్రోమోలార్, ఫెర్రస్ సల్ఫేట్ 1 మైక్రోమోలార్ అయ్యేలా కలపాలి. అందరూ మరిచిపోయేది మాంగనీసే. అది లేకపోతే బీజాలు సరిగా రావు.

ఇంత చేశాక రికార్డులో ‘బాసిల్లస్ సబ్‌టిలిస్’ అని ఖాయంగా రాయకండి, ‘సబ్‌టిలిస్ గుంపు’ అని రాయండి. వెలెజెన్సిస్, అమైలోలిక్విఫేసియన్స్ దీనికి ఎంత దగ్గరివంటే 16ఎస్ ఆర్‌ఆర్‌ఎన్‌ఏ క్రమం చూసినా 99 శాతానికి పైగా కలిసిపోతాయి. జైర్‌ఏ గానీ జైర్‌బీ గానీ జన్యువు క్రమం చూస్తేనే విడిపోతాయి. ఒకప్పుడు సబ్‌టిలిస్ అని అమ్మిన కొన్ని జీవపురుగుమందు రకాలు ఇప్పుడు వెలెజెన్సిస్ పేరు కిందికి పోయాయి.

ప్రశ్న: రాత్రి మిగిలిన అన్నం పొద్దున బాగా వేడి చేస్తే ఏమీ కాదంటారు. ఈ బాసిల్లస్ అందులో కూడా ఉంటుందా? సద్ది తింటే ప్రమాదమా? (గృహిణి, ప్రొద్దుటూరు)

జవాబు: బియ్యంలో ఎక్కువగా భయపడాల్సింది దీని దాయాది బాసిల్లస్ సీరియస్‌కు. అన్నం ఉడికేటప్పుడు దాని బీజాలు చావవు. పైగా ఆ వేడికే మెలకువ వస్తుంది. వండిన అన్నం గిన్నెలోనే మూతపెట్టి గది వేడిమికి రాత్రంతా ఉంచితే పెరిగి, వాంతులు తెచ్చే సెర్యులైడ్ అనే విషం తయారుచేస్తుంది. ఆ విషం 121 డిగ్రీల దగ్గర గంటన్నర ఉంచినా నిలిచే రకం. మళ్లీ వేడిచేస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ విషం పోదు. కాబట్టి మిగిలిన అన్నాన్ని రెండు గంటల లోపు వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరిచి చల్లార్చి ఫ్రిజ్‌లో పెట్టండి. పెద్ద గిన్నెలో కుప్పగా పెడితే నడుమ చల్లారదు.

సద్ది సంగతి వేరు. నీళ్లు పోసి పులియబెట్టిన అన్నంలో లాక్టిక్ ఆమ్ల బ్యాక్టీరియా పులుపు పెంచుతుంది. పీహెచ్ సుమారు 4.5 కంటే దిగితే సీరియస్ పెరగడం దాదాపు ఆగిపోతుంది. పులుపు రాక ముందు, పాత్ర శుభ్రంగా లేనప్పుడు ఉండే మొదటి గంటలే అపాయం. అందుకే అన్నం ఆరిన వెంటనే నీళ్లు పోయాలి, మరుసటి పొద్దుటికల్లా తినేయాలి. సబ్‌టిలిస్‌కు మాత్రం జపాన్ వాళ్లు సోయా గింజల మీద పెంచి ‘నాటో’ అని తినేంత మంచి పేరు ఉంది. బ్రెడ్‌లో పెరిగితే మాత్రం లోపలి గుజ్జు తీగలు సాగి, కుళ్లిన అనాసపండు వాసన వస్తుంది.

ప్రశ్న: 168 రకం సబ్‌టిలిస్‌లోకి ప్లాస్మిడ్ ఎక్కించడానికి మూడుసార్లు ప్రయత్నించాం, ఒక్క కాలనీ రాలేదు. ఈ.కోలైలో అదే ప్లాస్మిడ్ బాగా ఎక్కింది. (బయోటెక్నాలజీ పరిశోధక విద్యార్థి, కడప)

జవాబు: మీ ప్లాస్మిడ్ (క్రోమోజోమ్‌కు విడిగా ఉండే చిన్న డీఎన్‌ఏ వలయం) ఈ.కోలై అనే ల్యాబు బ్యాక్టీరియా నుంచి తీసింది. అందులో ఎక్కువ భాగం ఒంటి వలయాలే అయి ఉంటాయి. సబ్‌టిలిస్ సహజంగా డీఎన్‌ఏను లోపలికి తీసుకునేటప్పుడు ఒకే పోగుగా, తునకలుగా లాక్కుంటుంది. ఒంటి వలయం తునక లోపలికి పోయాక మళ్లీ వలయం కట్టుకోలేదు. రెండు మూడు వలయాలు ఒకదాని వెంట ఒకటి కలిసిన గొలుసు ప్లాస్మిడ్ అయితే కట్టుకుంటుంది. మీ చేతిలో ఉన్న దారులు రెండు: రెక్‌ఏ (డీఎన్‌ఏ పోగులను కలిపే ప్రోటీన్) ఉన్న ఈ.కోలై రకం నుంచి ప్లాస్మిడ్ తీయండి, అందులో గొలుసులు ఎక్కువ. లేదా ప్లాస్మిడ్‌ను వదిలేసి, జన్యువుకు రెండు వైపులా 500 నుంచి 1,000 బేస్‌ల సరిపోలే చేతులు పెట్టి, వలయం కాని తిన్నని డీఎన్‌ఏ ముక్కను పీసీఆర్‌తో చేసి నేరుగా క్రోమోజోమ్‌లో దించండి. రెండోదే మా ఓటు. 2017లో సబ్‌టిలిస్‌లో తీసేయదగ్గ ప్రతి జన్యువునూ ఒక్కొక్కటిగా తీసేసిన గుంపులు ఈ దారిలోనే తయారయ్యాయి.

మాధ్యమం సరిచూసుకోండి. స్పైజైజెన్ లవణాలు లీటరుకు: అమోనియం సల్ఫేట్ 2 గ్రా., డైపొటాషియం ఫాస్ఫేట్ 14 గ్రా., మోనోపొటాషియం ఫాస్ఫేట్ 6 గ్రా., సోడియం సిట్రేట్ 1 గ్రా., మెగ్నీషియం సల్ఫేట్ 0.2 గ్రా. దానికి గ్లూకోజ్ 0.5 శాతం, కాసమినో ఆమ్లాలు 0.02 శాతం, ట్రిప్టోఫాన్ మి.లీ.కు 50 మైక్రోగ్రాములు. గ్లూకోజ్, మెగ్నీషియం రెండూ విడిగా ఆటోక్లేవ్ చేసి కలపాలి. కలిపి చేస్తే తెల్లని అవక్షేపం వస్తుంది, గ్లూకోజ్ మాడి గోధుమ రంగుకు మారుతుంది. ట్రిప్టోఫాన్ మరిస్తే 168 అసలు పెరగదు. 1940ల్లో యేల్‌లో కిరణాలతో చేసిన మార్పుల్లో ట్రిప్టోఫాన్ తయారీ దెబ్బతిన్న రకం అది. 1958లో స్పైజైజెన్ డీఎన్‌ఏ ఎక్కించి ఆ లోటు తీర్చడంతోనే ఈ జీవి పేరు పరిశోధనలో మారుమోగింది.

తాజా ప్లేటు నుంచి ఒక కాలనీ తీసి రాత్రి పెంచండి. పొద్దున 0.1 రీడింగ్‌కు పలుచన చేసి 37 డిగ్రీల్లో గట్టిగా ఊపుతూ పెంచండి, ఫ్లాస్క్‌లో పదోవంతుకు మించి నింపొద్దు. పెరుగుదల వేగం తగ్గడం మొదలైన దగ్గర నుంచి 90 నిమిషాలు ఆగి, 0.5 మి.లీ. తీసి 1 మైక్రోగ్రాము డీఎన్‌ఏ వేసి 45 నిమిషాలు ఊపాక ప్లేటు మీద పరచండి. ముందే వేస్తే కాంపిటెంట్ కణాలు, అంటే డీఎన్‌ఏ తీసుకోవడానికి సిద్ధమైనవి, ఉండవు. క్లోరాంఫెనికాల్ మి.లీ.కు 5 మైక్రోగ్రాములు, కనామైసిన్ 5 నుంచి 10, స్పెక్టినోమైసిన్ 100. ఈ.కోలైకి వాడే ఆంపిసిలిన్ గుర్తును ఇక్కడ నమ్ముకోకండి.

బాగా జరిగినా కణాలన్నీ కాంపిటెంట్ కావు. కామ్‌కే అనే ప్రోటీన్ తన జన్యువును తానే పెంచుకుంటుంది, మెక్‌ఏ దాన్ని పట్టి ముక్కలు చేయిస్తుంది. ఈ లాగులాటలో కామ్‌కే గెలిచిన పది, ఇరవై శాతం కణాలే డీఎన్‌ఏ తీసుకుంటాయి. పక్కనున్న కణం అదే మాధ్యమంలో, అదే జన్యువులతో ఓడిపోతుంది. ముడతల కాలనీ కట్టే అడవి రకం 3610తో ప్రయత్నించి ఉంటే ఇంకా కష్టం. దానిలో ఉన్న ప్లాస్మిడ్ కామ్‌ఐ అనే చిన్న ప్రోటీన్‌తో డీఎన్‌ఏ రాకను అడ్డుకుంటుందని 2013లో చూపించారు. జన్యుమార్పు 168లో చేసి, ఎస్‌పీపీ1 ఫేజ్‌తో (బ్యాక్టీరియాకు సోకే వైరస్) 3610లోకి మోయడమే అలవాటు.

ప్రశ్న: బ్యాక్టీరియాలో ట్రాన్స్‌క్రిప్షన్, ట్రాన్స్‌లేషన్ జంటగా జరుగుతాయని ప్రతి పుస్తకంలో ఉంది. సబ్‌టిలిస్‌లో కాదని ఒక ఉపన్యాసంలో విన్నాం. ఏది రాయాలి? (పోటీ పరీక్షల అభ్యర్థి, తాడిపత్రి)

జవాబు: ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ డీఎన్‌ఏను చూసి ఆర్‌ఎన్‌ఏ రాయడం ట్రాన్స్‌క్రిప్షన్, రైబోజోమ్ ఆ ఆర్‌ఎన్‌ఏను చదివి ప్రోటీన్ చేయడం ట్రాన్స్‌లేషన్. పరీక్షలో ఈ.కోలై అని పేరు పెట్టి అడిగితే జంటగా అని రాయండి. ఈ.కోలైలో ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ వెనకాలే మొదటి రైబోజోమ్ నడుస్తుంది. సబ్‌టిలిస్‌లో పాలిమరేజ్ రైబోజోమ్‌ను దూరంగా వదిలేసి పరుగెత్తుతుందని 2020లో మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలోని జీన్-వే లీ బృందం ‘నేచర్’లో చూపించింది. పాలిమరేజ్ వేగం రైబోజోమ్ వేగానికి దాదాపు రెట్టింపు.

దీని ఫలితం ట్రిప్టోఫాన్ జన్యువుల్లోనే చూడవచ్చు. ఈ.కోలైలో ముందున్న చిన్న పెప్టైడ్ దగ్గర రైబోజోమ్ ఆగిందా, దాటిందా అన్నదాన్ని బట్టి ట్రాన్స్‌క్రిప్షన్ సాగుతుంది. అట్లా జరగాలంటే రైబోజోమ్ పాలిమరేజ్ వెనకే ఉండాలి. సబ్‌టిలిస్‌లో ఆ పని రైబోజోమ్ చేయదు. 11 ఉపభాగాల ఉంగరంలాంటి ట్రాప్ అనే ప్రోటీన్ చేస్తుంది. ట్రిప్టోఫాన్ దొరికినప్పుడు ఆర్‌ఎన్‌ఏ దారం దాని చుట్టూ చుట్టుకుని, ముగింపు మడత పడి, ట్రాన్స్‌క్రిప్షన్ ఆగిపోతుంది. సబ్‌టిలిస్‌లో రైబోస్విచ్‌లు, టీ-బాక్స్‌లు అంత ఎక్కువగా ఉండడం కూడా ఈ నడకకు సరిపోతుంది. అవన్నీ రైబోజోమ్‌తో పని లేకుండా ఆర్‌ఎన్‌ఏ మడత ద్వారానే నిర్ణయం తీసుకునేవి. పుస్తకాలు ఒక్క ఈ.కోలైని చూసి ‘బ్యాక్టీరియాలో’ అని రాసేశాయి, చిక్కంతా అక్కడే వచ్చింది.

ప్రశ్న: ఈ బ్యాక్టీరియా కరెంటుతో మాట్లాడుకుంటుందని, గొట్టాలు వేసుకుని ప్రోటీన్లు పంచుకుంటుందని, దానికి గడియారం కూడా ఉందని వీడియోల్లో చూశాను. అన్నీ నిజమేనా? (ఇంటర్ విద్యార్థి, ఆదోని)

జవాబు: కరెంటు మాట నిజం, కానీ తీగల్లో పారే కరెంటు కాదు. జిగురుపొర నడుమ ఉన్న కణాలకు నత్రజని తిండి తగ్గినప్పుడు పొటాషియం వదులుతాయి. పక్క కణం దాన్ని గ్రహించి తానూ వదులుతుంది. అట్లా అలలా అంచుదాకా పోతుంది. 2015లో ‘నేచర్’లో వచ్చింది, యుగో అనే పొటాషియం ద్వారం తీసేస్తే ఆ అల నిలవదు.

గడియారం మాట 2021లో వచ్చింది. చీకట్లో, ఒకే వేడిమిలో పెట్టినా జన్యువుల పని సుమారు 24 గంటలకొకసారి పెరిగి తగ్గుతూ కనబడింది. కిరణజన్య సంయోగక్రియ లేని బ్యాక్టీరియాలో ఇట్లాంటిది చూపడం విశేషమే. లోపలి యంత్రాంగం పూర్తిగా విప్పాల్సి ఉంది.

గొట్టాల మాట దగ్గర మాత్రం ఆగు. 2011లో కణాల మధ్య నానో గొట్టాలున్నాయని, వాటిగుండా ప్రోటీన్లు, ప్లాస్మిడ్‌లు కూడా పోతాయని ఒక బృందం రాసింది. 2020లో చెక్ శాస్త్రవేత్తలు చూసినప్పుడు ఆ గొట్టాలు బతికున్న కణాల్లో కాక, చస్తున్న కణాల నుంచి, సూక్ష్మదర్శిని కోసం నమూనాను గాజు పలకల మధ్య నొక్కినప్పుడు బయటికొచ్చాయి. వీడియోలో బొమ్మ అందంగా ఉంటుంది గానీ, మేమైతే ఆ గొట్టాలను ఇప్పటికి పాఠంలో చేర్చం.